హారం అమ్మాలా వద్దా అన్నది రెండో ప్రశ్న

కర్నూలు నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, పేట తీసేసి, ముఖ్యమైన సంగతులు ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 38 ఏళ్లు. భర్త ఎలక్ట్రికల్ సామాన్ల అంగట్లో పనిచేస్తారు, జీతం 26,000. ఆమె ఇంట్లో మిషన్ కుడతారు. జాకెట్లు, ఫాల్స్, స్కూలు యూనిఫారాలు అన్నీ కలిపి సగటున నెలకు 8,000 వస్తుంది. ఇంటి అద్దె 6,500. పాప తొమ్మిదో తరగతి, బాబు ఐదో తరగతి.

రెండేళ్ల కిందట పాప పెద్దమనిషయినప్పుడు హాలు మాట్లాడి నాలుగు వందల మందికి భోజనాలు పెట్టారు. చదివింపులతో సగం ఖర్చు తిరిగొస్తుందనుకుంటే 70,000 దగ్గర ఆగిపోయింది. ఆ ఫంక్షన్ కోసం డోన్‌లో ఉండే దూరపు బంధువు దగ్గర మూడు రూపాయల వడ్డీకి 1,50,000 తెచ్చారు. ప్రోనోటు రాసి, పైన రెండు ఖాళీ చెక్కుల మీద సంతకాలు చేసిచ్చారు. 26 నెలలుగా నెలకు 4,500 వడ్డీ కడుతున్నారు, అసలు అలాగే ఉంది. మూడేళ్లు దగ్గర పడుతున్నాయి కాబట్టి నోటు తిరగరాయాలని ఆయన అంటున్నారు. మామగారి ఆసుపత్రి ఖర్చుకు ఆమె గాజులు ఒక ఫైనాన్స్ కంపెనీలో 1,10,000కు కుదువ పెట్టారు, వడ్డీ ఏడాదికి 22 శాతం. బండి కంతు 3,100, ఇంకా తొమ్మిది నెలలుంది. నంద్యాలలో ఉన్న అక్క వడ్డీ లేకుండా 50,000 ఇచ్చింది, ఇంతవరకు అడగలేదు.

మొన్న బట్టలు ఉతుకుతుంటే భర్త చొక్కా జేబులో క్రెడిట్ కార్డు బిల్లు కనబడింది. 64,000 బాకీ. ఆయన నెలకు 3,200 మాత్రమే కడుతున్నారు. ఆ రాత్రి గట్టిగా గొడవైంది. అయితే ఆమె దగ్గరా ఆయనకు తెలియని అప్పు ఒకటుంది. బాబు ఫీజుకీ, మిషన్ మోటారుకీ వారాల ఫైనాన్స్‌లో 40,000 తీసుకున్నారు. వారానికి వెయ్యి, ఇంకా 22 వారాలు కట్టాలి.

భర్త పోయిన ఏడాది జూన్‌లో సెలవు పెట్టి ఎనిమిది రోజులు జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాలు వెతికారు. ఈసారి కూడా వానలు పడగానే పోతానంటున్నారు. కార్తీకంలో ఆడబిడ్డ కూతురి పెళ్లి. మేనమామగా అర తులం ఉంగరమైనా పెట్టకపోతే పరువేముంటుందని అత్తగారి పట్టు.

ఉత్తరం చివర ఆమె మాటలు ఇవి: “మా అమ్మ పెట్టిన హారం నా దగ్గరుంది, రెండు తులాల పైచిలుకు. అంగట్లో అడిగితే 2,30,000 దాకా వస్తాదన్నారు. ఆయనకు చెప్పకుండా అమ్మేసి అప్పులు తీర్చేయనా? చెప్తే నా వారాల సంగతి బయట పడుతుంది. మేం దుబారా మనుషులం అనిపిస్తోంది. గొడవ రోజు పాప ‘నా ఫంక్షన్ వల్లే కదమ్మా ఇదంతా’ అనింది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.”

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివి, కాగితం తీసుకుని మీ లెక్కలే వరుసగా రాశాను. ‘అన్నీ కలిపి మూడు లక్షలుంటుందేమో’ అని మీరొక చోట రాశారు. నా కూడికలో 4,23,900 వచ్చింది. ప్రోనోటు 1,50,000, గాజుల మీద 1,10,000, కార్డు 64,000, అక్కది 50,000, బండి 27,900, వారాలవి 22,000. మిమ్మల్ని భయపెట్టాలని చెప్పడం లేదు. ఈ ఆరు అంకెలు ఒకే కాగితం మీద ఇంతవరకు మీరూ చూడలేదు, ఆయనా చూడలేదు. చూసే వీలూ లేదు, మొన్నటిదాకా కార్డు సంగతి మీకు తెలియదు, వారాల సంగతి ఆయనకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు నెల లెక్క. వడ్డీలకూ కంతులకూ మీ ఇంట్లోంచి దగ్గర దగ్గర 17,100 పోతోంది. వచ్చే 34,000లో సగం. అద్దె తీసేస్తే నలుగురికి మిగిలేది 10,400. బియ్యం, పాలు, గ్యాసు, కరెంటు, ఫీజులు, ఎవరికైనా జ్వరమొస్తే మందులు, అన్నీ అందులోనే. ఆ డబ్బుతో నెల గడవదు కాబట్టే ఇరవయ్యో తారీఖుకల్లా కార్డు బయటికొస్తోంది. మీరు దుబారా మనుషులన్న మాట నేనొప్పుకోను. ఒక్క ఫంక్షన్‌కు స్తోమతకు మించి ఖర్చు పెట్టారు, అది నిజం. ఆ తర్వాత రెండేళ్లుగా మీ ఇంటిని తినేస్తున్నది వడ్డీ. ఆ 17,100లో ప్రోనోటు, గాజులు, కార్డు, ఈ మూడింటికీ వడ్డీగానే పోతున్నది 9,160. దాంతో అసలు ఒక్క రూపాయి కూడా తగ్గదు.

మీరడిగింది హారం అమ్మాలా అని. దానికంటే ముందు ‘ఆయనకు చెప్పకుండా’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నేను ఇరవై ఆరేళ్లు బ్యాంకులో పనిచేశాను. అందులో ఆరేళ్లు ఆదోనిలో, బంగారు రుణాల కౌంటర్ దగ్గర. అప్రైజరు నగను గీటురాయి మీద గీసి, తూకం వేసి, గుడ్డ సంచిలో పెట్టి సీలు వేసేదాకా ఆడవాళ్లు కన్నార్పకుండా చూస్తారు. పక్కనున్న మగవాళ్లు మాత్రం నేల చూపులు చూస్తుంటారు. ఒకామె మాత్రం ఎప్పుడూ ఒంటరిగా వచ్చేది. గొలుసు కుదువ పెట్టి, అలాంటిదే గిల్టుది మెడలో వేసుకుని ఇంటికెళ్లేది. ఏటా వడ్డీ కట్టి కాగితం తిరగరాయించుకునేది. నాలుగేళ్ల తర్వాత కూతురి నిశ్చితార్థానికి నగలు తీస్తుంటే విషయం బయట పడింది. మరునాడు భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన డబ్బు గురించి ఒక్క మాట అనలేదు. రసీదు మీద తేదీ చూసి, ‘నాలుగేండ్లు నన్ను పరాయోణ్ణి చేసినావు గదా’ అన్నాడు. ఆమె దగ్గర సమాధానం లేదు.

మీరు హారం రహస్యంగా అమ్మితే ప్రోనోటు తీరుతుంది, నిజమే. మరి 4,500 వడ్డీ కట్టడం ఎందుకు ఆగిందని ఆయన అడగరా? ఏదో ఒకటి చెప్పాలి. ఆ అబద్ధాన్ని కాపాడుకోవడానికి ఇంకోటి చెప్పాలి. పైగా ఇంట్లో ఏదో మిగులుతోందని ఆయన అనుకుంటే ఉంగరం వ్యవహారానికి వెంటనే సరేనంటారు. ఇంటి నిజమైన లెక్క ఒక్కరి బుర్రలోనే ఉంటే రెండోవాళ్లు చేసే ప్రతి ఖర్చూ చీకట్లో చేసినట్టే.

చెప్పడానికి భయంగా ఉందన్నారు. భయం ఉంటుంది. ఆయన జేబులో బిల్లు దొరికిన రోజు మీరు గట్టిగా అన్నారు కాబట్టి, ఇప్పుడు మీ వారాల పుస్తకం చూస్తే ఆయన కూడా గట్టిగానే అంటారు. అంతవరకు ఓర్చుకోవాలి. పిల్లలు లేని వేళ చూసి, ముందు మీ పుస్తకమే ఆయన ముందు పెట్టండి, కార్డు ఊసెత్తకుండా. ‘నేనూ దాచినాను, తప్పయింది’ అన్న మాటతో మొదలైతే సంభాషణ ఒక రకంగా నడుస్తుంది, ‘నువ్వు దాచినావు’ అని మొదలైతే ఇంకో రకంగా నడుస్తుంది. ఆరు అప్పులూ రాసిన కాగితం ఆ తర్వాత తీయండి. ఇంకా ఏమైనా ఉన్నాయా అని ఒకరినొకరు అడగండి. నా అనుభవంలో ఏడోది ఒకటి తరచుగా బయట పడుతుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. కోపమొస్తే ఆయన చెయ్యి చేసుకునే మనిషి అయితే ఈ సలహా పనికిరాదు. మీ ఉత్తరంలో అలాంటి జాడ నాకు కనబడలేదు. ఉంటే గనక మీ అక్కను పిలిపించుకుని, ఆమె ఎదుట మాట్లాడండి.

ఇక హారం. అది మీ పుట్టింటి సొమ్ము, నిర్ణయం మీదే. ఆయన అమ్మమన్నా మీకు ఇష్టం లేకపోతే అమ్మక్కర్లేదు. రెండు దారులున్నాయి, రెండింటి మంచీ చెడూ చెబుతాను.

అమ్మితే: వచ్చే 2,30,000లో ప్రోనోటు 1,50,000, కార్డు 64,000 ఒకే రోజు తీరిపోతాయి. 16,000 మిగులుతుంది. నెలకు 7,700 చేతికొస్తుంది. అందులో 2,700 ఇంటి ఖర్చుకు కలపండి, లేకపోతే మళ్లీ కార్డు గీకాల్సి వస్తుంది. మిగతా 5,000 గాజుల అసలుకు జమ చేయండి. ఐదు నెలలకు వారాలు అయిపోతాయి, తొమ్మిది నెలలకు బండి. ఆ డబ్బు కూడా గాజులకే మళ్లిస్తే ఏడాది దాటి ఒకటి రెండు నెలల్లో గాజులు ఇంటికొస్తాయి. అప్పటికి మిగిలేది అక్కది ఒక్కటే. కానీ హారం పోతుంది. బంగారం ధర ఇలాగే పెరుగుతుంటే అలాంటిది మళ్లీ చేయించుకోవడం కష్టం, పాప పెళ్లినాటికి మీ మనసులో ముల్లులా గుచ్చుకోవచ్చు.

అమ్మకుండా బ్యాంకులో కుదువ పెడితే: హారం మీద 1,60,000 వస్తుందనుకుందాం, వడ్డీ ఏడాదికి పది శాతం అనుకుందాం. ఆ డబ్బులోంచి ముందు ఫైనాన్స్ కంపెనీకి 1,10,000 కట్టి గాజులు విడిపించండి. వాటినీ అదే బ్యాంకులో 1,10,000కు పెట్టండి. చేతిలో 1,60,000 ఉంటుంది, ప్రోనోటు తీరిపోతుంది. ఈ రెండింటికీ ఇప్పుడు కడుతున్న వడ్డీ 6,517, అప్పుడు 2,250. నెలకు నాలుగు వేల పైన ఆదా, హారం మీదే. అయితే కార్డు అలాగే ఉంటుంది. మొత్తం తీరడానికి రెండున్నరేళ్లు పట్టొచ్చు. ఆ రెండున్నరేళ్లూ మిగిలిన డబ్బు నెలనెలా అసలుకు జమ కావాలి. ఏడాదికోసారి వడ్డీ కట్టి తిరగరాసుకుందాంలే అనుకుంటే ఆదోనిలో నేను చూసిన ఆమె కథే మళ్లీ. కట్టలేని పరిస్థితి వస్తే వేలం నోటీసు రెండు నగల మీదా వస్తుంది. బ్యాంకులో అడుగు పెట్టగానే అడగాల్సిన మాట ఒకటుంది: అసలులో కొంచెం కొంచెంగా ఎప్పుడైనా కట్టుకోవచ్చా అని.

నేనైతే ఎటు మొగ్గుతానో కూడా చెప్పాలి కదా. గత రెండేళ్లలో మీరిద్దరూ ఏ నెలైనా అనుకున్న డబ్బు అనుకున్నట్టు పక్కన పెట్టగలిగారా? పెట్టగలిగితే రెండో దారి. లేకపోతే మొదటిదే మేలు. అమ్మ ఇచ్చిన వస్తువు అమ్మడం తప్పనిపించొచ్చు. మన అమ్మలు బంగారం పెట్టింది ఇలాంటి రోజు కోసమే. బీరువాలో హారం ఉంచుకుని మూడు రూపాయల వడ్డీ కట్టారని తెలిస్తే మీ అమ్మ సంతోషించదు.

ఏ దారిన వెళ్లినా డోన్ బంధువు విషయంలో తొందరపడొద్దు. 26 నెలల్లో ఆయనకు 1,17,000 వడ్డీ ముట్టింది. దానికి మీ దగ్గర ఒక్క చీటీ అయినా ఉందా? ఫోన్‌పేలో పంపి ఉంటే ఆ వివరాలన్నీ తీసి పెట్టుకోండి. చేతికిచ్చి ఉంటే ఇకనుంచైనా ప్రతి చెల్లింపూ నోటు వెనక చెల్లు వేయించండి. నోటు తిరగరాయాల్సి వస్తే కొత్త నోటులో 1,50,000 మాత్రమే ఉండాలి, వడ్డీ కలిపి అసలు పెంచకూడదు, పాత నోటు మీ చేతికి రావాలి. పూర్తిగా తీర్చే రోజున నోటుతో పాటు ఆ రెండు చెక్కులూ లెక్కపెట్టి తీసుకోండి. ఖాళీ చెక్కు బయట ఉండిపోతే దాని మీద ఎంతైనా రాసి బ్యాంకులో వేయొచ్చు, అది బౌన్సయితే కోర్టు కేసవుతుంది. ‘మూడేళ్లు దాటితే ప్రోనోటు చెల్లదు, ఊరకే ఉండండి’ అని ఎవరైనా మీకు చెప్పొచ్చు. ఆ దారి నేను చెప్పను. తీసుకున్నది ఇవ్వాల్సిందే. కానీ ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషిని వెంట తీసుకెళ్లి, ఒకేసారి కడతాం, ఆఖరి రెండు మూడు నెలల వడ్డీ వదిలెయ్యమని అడగడం తప్పు కాదు. బంధువు కాబట్టి ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోయినా మీకు పోయేదేమీ లేదు.

హారం అమ్మకపోతే కార్డు మీద కూడా ఒక పని చేయాలి. 64,000కు నెలకు మూడున్నర శాతం వడ్డీ వేసుకుంటే 2,240, దాని మీద 18 శాతం జీఎస్టీ 403. అంటే మీ ఆయన కట్టే 3,200లో బాకీ తగ్గేది 557 రూపాయలే. ఈలోగా రెండు సార్లు పెట్రోలు కొట్టిస్తే ఆ తగ్గింది కూడా మాయం. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నదానికి గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ. కార్డు బ్యాంకుకు ఫోన్ చేసి మొత్తం బాకీని ఈఎంఐలుగా మార్చమని ఆయన్ను అడగమనండి. ఏడాదికి 18 శాతానికి 24 నెలలు ఇచ్చారనుకుంటే నెల కంతు కూడా సుమారు 3,200 వస్తుంది, జీఎస్టీ మొదట్లో ఓ నూట డెబ్బై పైన. కట్టేది దాదాపు అంతే, కానీ రెండేళ్లకు పూర్తిగా తీరుతుంది. ఇప్పుడున్న పద్ధతిలో, ఇకమీద కార్డు అసలు వాడకపోయినా, మూడున్నరేళ్లు పడుతుంది. మార్పించిన రోజే కార్డును కత్తెరతో రెండు ముక్కలు చేయండి.

ఒకవేళ కంతు ఆలస్యమై వసూలు మనుషులు అంగడికి ఫోన్లు చేయడం మొదలుపెడితే, రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది: ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు, బెదిరించకూడదు. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. మీ వారాల అప్పు తీరాక మళ్లీ అలాంటిదే తీసుకోకండి. మీ వార్డులో మెప్మా (పట్టణాల్లో పొదుపు సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ) మహిళా సంఘం ఉందేమో కనుక్కోండి. కొన్ని నెలలు పొదుపు చేశాకే బ్యాంకు రుణం వస్తుంది కాబట్టి, అవసరం లేనప్పుడే చేరాలి.

కార్తీకంలో పెళ్లి సంగతి. మీ ఇంట్లో చదివింపుల పుస్తకం ఉంటుంది. 516, 1,116 అని పేర్ల ఎదురుగా రాసుకున్నది. ఆ 70,000 కూడా అప్పే, నోటు లేదు, వడ్డీ లేదు, అంతే తేడా. ఒక్కో ఇంట్లో శుభకార్యం వచ్చినప్పుడల్లా తిరిగివ్వాలి. ఆ పుస్తకం తీసి రాబోయే ఏడాదిలో ఎవరెవరి ఇళ్లలో ఏమేమున్నాయో చూసి, నెలకు ఐదారు వందలు దానికి పక్కన పెట్టండి. ఉంగరం మాత్రం ఈసారి వద్దనే నా అభిప్రాయం. పెళ్లి పందిట్లో తెలియడం కంటే ఇప్పుడే మీ ఆయన వెళ్లి తన అక్కతో నేరుగా చెప్పడం మంచిది. మీ చేతిలో విద్య ఉంది కదా. పెళ్లికూతురి జాకెట్లన్నీ నేనే కుట్టి ఇస్తానని మీరు చెప్పండి. బయట కుట్టిస్తే ఎంతవుతుందో ఆడబిడ్డకు తెలుసు. బట్టలు పెట్టి, 5,116 చదివించండి. అత్తగారు కొన్నాళ్లు మొహం ముడుచుకుంటారు. చుట్టాల్లో ఒకరిద్దరు అనుకుంటారు. ఉంగరానికి అప్పు చేస్తే ఎవరూ ఏమీ అనుకోరు, వడ్డీ మాత్రం మీ ఇంట్లోంచే పోతుంది. ఏది భరించగలరో మీరిద్దరే తేల్చుకోవాలి.

వజ్రాల విషయంలో ఆయన్ను తిట్టకండి. తొలకరికి జొన్నగిరి పొలాల్లో వంగి వంగి వెతికే వాళ్లను నేను చూశాను. మట్టి కడిగిన గులకరాయి ఏదైనా మెరిస్తే అరచేతిలో పెట్టుకుని ఎండకు తిప్పి తిప్పి చూస్తారు. వాళ్లంతా సోమరులు కారు. నెల జీతంతో ఈ బాకీ ఎప్పటికీ తీరదని నమ్మిన వాళ్లు చాలామంది. మీ ఆయన కూడా ఆ లెక్క చూసుకునే వెళ్లి ఉంటారు, ఆయన లెక్కలో తప్పు కూడా లేదు. ఇప్పుడున్న తీరులో నిజంగానే తీరదు. ఎనిమిది రోజుల జీతం కోత, బస్సు, తిండి కలిపి ఓ తొమ్మిది వేలు పోయి ఉంటుంది. ఆ మాట ఇప్పుడు అనొద్దు. రెండున్నరేళ్లకో, పద్నాలుగు నెలలకో తీరిపోయే దారి కాగితం మీద చూపించండి. ఆ తర్వాత కూడా వెళ్తానంటే, ఒక ఆదివారం వెళ్లి రమ్మనండి, సెలవు పెట్టకుండా.

ఇంటి ఖర్చు గురించి ఎక్కువ చెప్పను, మీరు నడుపుతున్న ఇల్లే గట్టి పొదుపు. ఒక్కటి మాత్రం. మీ కుట్టుకూలి ఏ రోజుకారోజు కూరగాయలకు పోతోందన్నారు. దాన్ని ఒక డబ్బాలో వేసి, వారానికోసారి తీసి లెక్కపెట్టండి. సి.క్యాంపు రైతుబజారుకు వారానికి రెండు సార్లు చాలు. యూనిఫారాల సీజన్లో వచ్చే అదనపు డబ్బు మీద ఎవరి కన్నూ పడకముందే అక్కకు ఒక ఐదు వేలు పంపండి. అడగలేదు కాబట్టే ఆమెను ఆఖరున పెట్టారు. మొత్తం కాకపోయినా మొదటి ఐదు వేలు చేరితే అక్కతో ఫోన్లో మాట్లాడేటప్పుడు మీ గొంతు మారుతుంది.

పాప అన్న మాట దగ్గరికి వస్తాను. ఇన్ని లెక్కల్లో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. ఫంక్షన్ చేద్దామని ఆ బిడ్డ అడగలేదు. పన్నెండేళ్ల పిల్లను పీట మీద కూర్చోబెట్టి హారతులిచ్చింది మనం, ఫ్లెక్సీలో ఫొటో వేయించింది మనం. ఇప్పుడు ఆ ఖర్చు తన ఒంటి మీదికొచ్చిందని ఆమె అనుకుంటోంది. రేపు తనకేదైనా అవసరమైతే అడగదు. చెప్పుల పట్టీ తెగినా, ట్యూషన్ కావాలన్నా నోరు విప్పదు. ‘అలా ఏం లేదులే’ అని తీసిపారేయకండి, ఆ వయసు పిల్లలు నమ్మరు. పక్కన కూర్చోబెట్టుకుని, ‘అప్పుందమ్మా, నిజమే. అది మీ నాన్నా నేనూ తీసుకున్న నిర్ణయం, నీది కాదు. ఎట్లా తీర్చాలో మేం ఆలోచించుకున్నాం’ అని చెప్పండి. అంకెలు చెప్పనవసరం లేదు. కానీ ఆ మాటలు మీ ఒక్కరి నోట వింటే సరిపోదు. గొడవ రోజు ఆ ఇంట్లో ఆయన గొంతు కూడా ఉంది కాబట్టి, ఆయన కూడా పక్కనే కూర్చుని చెప్పాలి. మీరిద్దరూ కాగితం ముందు కూర్చున్న రోజు రాత్రే చెప్పగలిగితే ఇంకా మంచిది.